పికప్ మీద గది: రెండుసార్లు కట్టించిన నా అనుభవం

2022 జూలైలో గోదావరికి వచ్చిన వరదని మా లంక వాళ్లెవరూ మరిచిపోలేరు. భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది. ధవళేశ్వరం బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా కిందికి వదిలారు. పి.గన్నవరం దగ్గర మా ఇంటి అరుగు మునిగాక గేదెల్ని, మా అమ్మని, పాసుపుస్తకాల సంచిని ఏటిగట్టు మీదకి చేర్చి నాలుగు రాత్రులు టార్పాలిన్ కింద గడిపాం. మూడో రాత్రి మా ఆవిడ ఎర్రటి నీళ్లకేసి చూస్తూ, "ఇన్ని నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయండీ?" అంది. త్రయంబకం నుంచి, మహారాష్ట్రలో నాసిక్ దగ్గర, అని చెప్పాను. "మనం ఎప్పుడైనా చూశామా?" అంది. నలభై ఎనిమిదేళ్లుగా ఈ ఏటి చివర బతుకుతున్నాను. 1465 కిలోమీటర్ల అవతల అది పుట్టే చోటు ఒక్కసారీ చూడలేదు.

అమ్మని వదిలి వెళ్లం. ఆవిడకి డెబ్భై నాలుగేళ్లు. మోకాళ్ల నొప్పులు, బయటి తిండి పడదు, లాడ్జి మంచాలంటే అసలే కిట్టదు. అందుకని పడుకునే చోటు, వండుకునే పొయ్యి మాతోనే రావాలనుకున్నాం. అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం కాబట్టి పికప్ బండి ఎలాగూ నాకు కావాలి. దాని మీదే గది కట్టిస్తే సరిపోతుందని లెక్క వేసుకున్నాను.

ముగ్గురం ముందు కూర్చోవాలంటే రెండు వరసల సీట్లు ఉండాలి. మహీంద్రాలో బొలెరో క్యాంపర్ అని ఉంది. పేరు చూసి లోపల మంచాలుంటాయని అనుకునేవాళ్లున్నారు. అది మామూలు డబుల్ క్యాబిన్ పికప్పే, వెనక సరుకు వేసుకునే బాడీ ఉంటుంది. 2523 సీసీ డీజిల్ ఇంజను, వెనక కమాను కట్టలు. దీనికి విడిభాగం దొరకని ఊరు మన దేశంలో తక్కువ, దూరం పోయేవాడికి అంతకన్నా ధైర్యం ఉండదు. భీమవరం వైపు రొయ్యల చెరువులున్న ఒకాయన దగ్గర 2018 మోడల్ బండి 5,40,000 రూపాయలకి కొన్నాను.

కొనేముందు చేసిన ఒక పని మాత్రం అందరికీ చెప్తాను. స్క్రూడ్రైవరు పట్టుకుని బండి కిందికి దూరాను. డెల్టాలో తిరిగిన బండికి ఇంజను కన్నా చాసీనే ముందు చూడాలి. రొయ్యల బాక్సుల్లోంచి ఐసు కరిగి ఉప్పునీళ్లు వెనక బాడీ సందుల్లోంచి కారి, చాసీ మీద అడ్డపట్టీలు ఆనే చోట నిలుస్తాయి. పైకి నల్ల పెయింటు నిగనిగలాడుతూ ఉంటుంది. నేను చూసిన మొదటి రెండు బళ్లలో అక్కడ స్క్రూడ్రైవరు మొనతో నొక్కితే ఇనుము పొరలు పొరలుగా ఊడి నా మొహం మీద పడింది. మూడో బండికి పైపైన తుప్పే, లోపల గట్టిగా ఉంది. బాడీ విప్పించి, తుప్పు గీకించి, జింకు ప్రైమరు రెండు కోట్లు వేయించాను. ఆ ఖర్చు 22,000.

ఇక పెట్టె సంగతి. మొదటిసారి దగ్గర్లోని ఒక లారీ బాడీ షెడ్డుకే ఇచ్చాను. వాళ్లకి తెలిసిన పద్ధతిలో వాళ్లు గట్టిగా కట్టారు. 40 మిల్లీమీటర్ల చదరపు ఇనప పైపుతో ఫ్రేము, దానికి 18 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్, పైన జీఐ రేకు. నేను ఇంకో అడుగు ముందుకేసి ఇంట్లో ఉన్న టేకు చెక్కతో బీరువాలు, మంచం చేయించాను. ఫ్రేముని చాసీకి చిల్లులు పెట్టి బోల్టులతో బిగించారు. 2023 సంక్రాంతికి సిద్ధమైంది. ముగ్గులేసిన వాకిట్లో పెట్టి హారతిచ్చాం. చూడటానికి ముచ్చటగా ఉంది, తలుపు వేస్తే ఠక్కున మంచి ఇంటి తలుపులా పడేది.

పండగ వెళ్లాక మారేడుమిల్లి ఘాటుకి తీసుకెళ్లాం. రంపచోడవరం దాటేసరికే స్టీరింగు చేతిలో తేలిపోతోంది. మలుపుల్లో వెనక నుంచి ఎవరో బండిని పట్టుకుని పక్కకి తోస్తున్నట్టు ఉంది. చీకటి పడ్డాక హెడ్‌లైట్లు వేస్తే వెలుగు రోడ్డు మీద పడట్లేదు, ఎదురుగా చెట్ల కొమ్మల్లో పడుతోంది. మా ఆవిడ ఏమీ అనలేదు గానీ పైనున్న పిడి పట్టుకున్న చెయ్యి ఇంటికొచ్చేదాకా తియ్యలేదు.

మర్నాడు రైసు మిల్లు దగ్గర కాటా ఎక్కించాను. ధాన్యం లారీలు తూచే కాటా మన ప్రాంతంలో నాలుగు మైళ్లకొకటి ఉంటుంది. ముందు చక్రాలు మాత్రమే ఎక్కించి ఒకసారి, బండి మొత్తం ఎక్కించి ఇంకోసారి తూయించండి. రెండో అంకెలోంచి మొదటిది తీసేస్తే వెనక ఇరుసు మీద ఎంత పడుతోందో తెలుస్తుంది. పెట్టె కట్టకముందు నిండా డీజిల్‌తో నా బండి 1750 కిలోలు, ముందు 900, వెనక 850. ఇప్పుడు మొత్తం 2430. వెనక 1565కి పెరిగింది, ముందు 865కి తగ్గింది. ఏతాం మీద మనిషి వెనక్కి నడిస్తే ముందు బాన పైకి లేచినట్టు, వెనక ఇరుసుకి అవతల పడిన బరువు ముందు చక్రాల్ని లేపేస్తోంది. స్టీరింగు తేలడానికీ, లైట్లు కొమ్మలెక్కడానికీ కారణం అదే.

ఖాళీ పెట్టే 680 కిలోలు. ఆర్‌సీలో ఈ బండికి రాసిన మొత్తం బరువు 2700 చిల్లర. ఇక మేం ముగ్గురం, నీళ్లు, బ్యాటరీ, గ్యాసు, బట్టలు, గిన్నెలు ఎక్కితే గీత దాటిపోతుంది. ఎక్కడ తప్పు జరిగిందో ఆ సాయంత్రం కాగితం మీద వేసుకుంటే తెలిసింది. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ఎనిమిది బై నాలుగు షీటు ఒక్కటే 35 కిలోల పైన ఉంటుంది. మా పెట్టెకి ఎనిమిది షీట్లకి పైనే పట్టాయి. ఇనప పైపు మీటరుకి 2 కిలోల పైన, అది 60 మీటర్లు. కట్టకముందే వేసుకోవాల్సిన లెక్క అది.

అదే వారం బ్రేకు ఇన్‌స్పెక్టరు గారిని కలిశాను. ఆయన విసుక్కోకుండా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చదివి వినిపించారు. కంపెనీ ఇచ్చిన వివరాలకీ ఆర్‌సీకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. శాశ్వతంగా కారవాన్ చేయాలంటే దానికి ఏఐఎస్ 124 అని వేరే ప్రమాణం ఉంది, పరీక్షా సంస్థ ఆమోదం తెచ్చుకోవాలి. నాలాంటివాడు ఒక్క బండి కోసం చేసే పని కాదది. చాసీకి పెట్టిన చిల్లుల గురించి చెప్తే ఆయన ముఖం ముడుచుకుంది. ఇంటికొచ్చి మా ఆవిడతో, మొత్తం విప్పేద్దాం అన్నాను. "విప్పేద్దామండీ, నాకు మారేడుమిల్లి నుంచే నిద్ర పట్టట్లేదు" అంది. లక్షా ఎనభై వేలు పోయాయి. టేకు బీరువాలు ఇంట్లో వాడుకుంటున్నాం.

దారి చూపించింది మా బావమరిది. వాడికి కాకినాడలో చేపల వ్యాపారం. "బావా, నువ్వు ఇల్లు కట్టించావు. నీకు కావాల్సింది పడవ. తేలిగ్గా ఉండాలి, నీళ్లు దిగకూడదు, కుదుపులకి విడిపోకూడదు. తాళ్లరేవు వెళ్దాం రా" అన్నాడు. కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. ఆ పక్కనే తాళ్లరేవులో ఇప్పటికీ చెక్క పడవలు, ఫైబర్ బోట్లు కట్టే మేస్త్రులున్నారు. ఎదుర్లంక వంతెన దాటి, యానాం మీదుగా వెళ్లాం.

మేస్త్రిగారు అరవై దాటినాయన. బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, వెనక బాడీని జానలతో కొలిచి, "మనుషులు పడుకునే ఐసు పెట్టె అన్నమాట. ఆయ్, చేసేద్దామండి" అన్నారు. ఆ మాటకి నాకు ప్రాణం లేచొచ్చింది. వేట బోట్లలో చేపలు నిలవుండే ఐసు గది గోడ ఎలా ఉంటుందో అదే మా గోడ: బయట ఫైబర్ పొర, మధ్యలో 25 మిల్లీమీటర్ల పఫ్ (పాలీయురేథేన్ నురుగు) షీటు, లోపల మళ్లీ ఫైబర్. మధ్యలో ఇనప ఫ్రేము లేదు. రెండు పొరలూ పఫ్‌కి అతుక్కుని ఒకే పలకలా పనిచేస్తాయి. ఎండ వేడి లోపలికి రాదు, బరువూ ఉండదు.

ఖర్చు తగ్గుతుందని నేను పఫ్ బదులు థర్మోకోల్ షీట్లు తీసుకెళ్లాను. మేస్త్రిగారు నన్ను వారించలేదు. డబ్బాలోంచి ఒక చెంచాడు రెసిన్, అంటే ఫైబర్‌ని అతికి గట్టిపరిచే జిగురు, తీసి థర్మోకోల్ మీద వేశారు. చుయ్ మని సన్నటి చప్పుడు. తెల్లటి షీటు నా కళ్లముందే కుంగి, చక్కెర మీద నీళ్లు పడ్డట్టు కరిగిపోయి పిడికెడు గొయ్యి పడింది. పాలియెస్టర్ రెసిన్‌లో ఉండే స్టైరీను థర్మోకోల్‌ని కరిగించేస్తుంది. పఫ్‌ని ఏమీ చేయదు. తెచ్చిన షీట్లన్నీ పక్కనున్న చేపల ప్యాకింగు వాళ్లకి ఇచ్చేశాను.

ఆ పని చూడటానికి వారానికి రెండు రోజులు వెళ్లేవాణ్ని. నున్నటి అచ్చు మీద మైనం రుద్ది, దాని మీద తెల్ల జెల్ కోటు, అంటే బయటికి కనిపించే నున్నటి పొర. అది జిగురుకి వచ్చాక చదరపు మీటరుకి 450 గ్రాములుండే గాజు నార మ్యాటు పరిచి, బ్రష్షుతో రెసిన్ పట్టించి, గాడులున్న ఇనప రోలరుతో తోస్తారు. తెల్లగా ఉన్న మ్యాటు తడిసేకొద్దీ గాజులా మారి కింద అచ్చు కనిపిస్తుంది. ఎక్కడైనా తెల్ల చుక్క మిగిలితే అక్కడ గాలి ఉన్నట్టు. మేస్త్రిగారు వేలితో తడిమి, ఆ చుక్క పోయేదాకా కుర్రాళ్లని వదిలేవారు కాదు. "రెసిన్ ఎక్కువ పోస్తే బలం రాదండి, బరువొస్తుంది. బలం మ్యాటులో ఉంటుంది" అనేవారు. సొంతంగా చేద్దామనుకునేవాళ్లకి ఒక హెచ్చరిక. రెసిన్ త్వరగా గట్టిపడటానికి కోబాల్టు, హార్డెనరు అని రెండు వేస్తారు. ఆ రెండూ నేరుగా కలిస్తే పేలుడే. ముందు కోబాల్టుని రెసిన్‌లో పూర్తిగా కలిపి, ఆ తర్వాతే హార్డెనరు వేయాలి. తాళ్లరేవులో ఆ రెండు డబ్బాలూ షెడ్డుకి చెరో మూల పెడతారు.

అల్పపీడనం పట్టి ముసురుగా ఉన్న రోజుల్లో పని ఆపేసేవారు. గాల్లో తడి ఉంటే పై పొర ఆరదు, చేతికి జిగురుగా తగులుతుంది. తొందరపెట్టాలని నోటిదాకా వచ్చేది. వరదల్లో బోటుని నమ్ముకునే మనుషుల దగ్గర నిలబడి ఆ మాట అనలేకపోయాను. అలా ఐదు నెలలు పట్టింది.

ముందు క్యాబిన్ పైకి ముక్కులా పొడిచిన భాగంలో మా ఇద్దరికీ పడక, కింద బల్ల మీద అమ్మకి పడక. అటూ ఇటూ బరువు సమానంగా ఉండాలని బ్యాటరీ ఎడమ పక్కన, నీళ్లు కుడి పక్కన పెట్టాం, రెండూ వెనక ఇరుసుకి ముందే. బండి గచ్చు నేల నుంచి మూడడుగుల ఎత్తు పైనే. అమ్మ కోసం మూడు మెట్ల అల్యూమినియం నిచ్చెన, రెండు వైపులా పట్టుకోవడానికి కమ్మీ చేయించాం. మేస్త్రిగారు ఆ మెట్ల ఎత్తు అమ్మని పిలిపించి, ఎక్కించి, చూసి మరీ ఖాయం చేశారు. బీరువాలు 6 మిల్లీమీటర్ల ప్లై, తలుపుల బదులు గుడ్డ తెరలు.

కొబ్బరి బస్తాలు తూచే వేలాడే కాటాకి ఖాళీ పెట్టెని తగిలించాం. 195 కిలోలు. షెడ్డులో అందరూ చప్పట్లు కొట్టారు. నేను మాత్రం కాసేపు మాట్లాడలేకపోయాను.

ఈసారి బండికి ఒక్క చిల్లు పెట్టలేదు. పాత చిల్లుల్ని మంచి వెల్డరుతో పూడిపించాం. పెట్టె అడుగున రబ్బరు షీటు వేసి, బాడీకి ముందే ఉన్న కొక్కేలకి నాలుగు మూలలా టర్న్‌బకిళ్లతో, అంటే తిప్పితే బిగిసే మరలతో, బిగిస్తాం. వద్దనుకుంటే కొబ్బరి షెడ్డు దూలానికి వేసిన చైన్ కప్పీతో ఇరవై నిమిషాల్లో పైకి లేపేస్తాం, కింద బండి మామూలు పికప్ అయిపోతుంది. కదులుతున్నప్పుడు పెట్టెలో ఎవరూ ఉండకూడదన్నది మా ఇంట్లో తప్పని నియమం. ఇంకో మాట. మొత్తం బరువు 3000 కిలోలు దాటని సరుకు బండికి, అదే చట్టం 66వ సెక్షన్ ప్రకారం, పర్మిట్ అవసరం లేదు. ఫిట్‌నెస్, ఇన్సూరెన్సు కాగితాలు మాత్రం పక్కాగా ఉండాలి.

గ్యాసు దగ్గర మా ఆవిడ పట్టుబట్టింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని నగరం అనే ఊళ్లో గ్యాసు పైపులైను పేలినప్పుడు మా ప్రాంతంలో ప్రతి ఇంటికీ ఆ కబురు వెళ్లింది. మా చుట్టాల్లో ఒకావిడ ఆ మంటల్లో పోయింది. "మనం పడుకునే చోట సిలిండరు ఉండటానికి వీల్లేదు" అంది. ఆమె మాటే న్యాయం. ఎల్‌పీజీ గాలి కన్నా బరువు. లీకైతే నేలమట్టంలో పేరుకుంటుంది, పై కిటికీ తెరిచినా పోదు. అందుకని 5 కిలోల సిలిండరుకి వెనక వైపు, బయటికి మాత్రమే తలుపున్న ఫైబర్ అర చేయించాం. దాని అడుగున రెండంగుళాల రంధ్రం నేరుగా రోడ్డు మీదకి. పొయ్యి ఒక జారుడు పలక మీద బయటికొస్తుంది. వాన వచ్చినా గొడుగు కిందే వంట.

కరెంటు పనిలో ఒక దెబ్బ తిన్నాను. 100 యాంపియర్ అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ, పైన 200 వాట్ల సోలారు పలక, బండి నడుస్తుంటే ఆల్టర్నేటరు నుంచి కూడా చార్జింగు. దీంతో 40 లీటర్ల ఫ్రిజ్, రెండు ఫ్యాన్లు, లైట్లు నడవాలి. ఆటో ఎలక్ట్రీషియను ఫ్రిజ్‌కి లైట్లకి వాడే సన్న వైరే లాగాడు. రాత్రి కంప్రెసరు మొదలయ్యేటప్పుడల్లా ఫ్రిజ్ ఆగిపోయేది. బ్యాటరీ పాడైందని నేను టెన్షన్ పడ్డాను. మీటరు పెట్టి చూస్తే బ్యాటరీ దగ్గర 12.9, ఫ్రిజ్ దగ్గర 11.5. మిగతాది సన్న వైరే తినేస్తోంది. ఇంట్లో 230 వోల్టులకి పనికొచ్చే వైరు 12 వోల్టుల దగ్గర పనికిరాదు. 6 చదరపు మిల్లీమీటర్ల వైరు వేసి, బ్యాటరీకి జానెడు దూరంలోనే ఫ్యూజు పెట్టించాక మళ్లీ ఆగలేదు.

నీళ్లకి ట్యాంకు కట్టించలేదు. మామూలు 20 లీటర్ల వాటర్ టిన్నులు రెండు, చిన్న పంపు. ఏ ఊళ్లోనైనా ఖాళీ ఇచ్చి నిండుది తెచ్చుకోవచ్చు.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ముందు రోజు నుంచే మా దగ్గర వాన, గాలి. అందరూ ఇళ్లలో ఉంటే నేను టార్చిలైటు, పాత దినపత్రికలు తీసుకుని పెట్టెలో పడుకున్నాను. ప్రతి మూలకీ, ప్రతి కిటికీ కిందా ఒక కాగితం పరిచాను. చుక్క పడితే కాగితం మీద మచ్చ తెలుస్తుందని. తెల్లారి చూస్తే ఒక్క మచ్చ, రూపాయి బిళ్లంత, పైన గాలిమర బిగించిన స్క్రూ కింద. మేస్త్రిగారికి ఫోను చేస్తే వాన తగ్గకముందే కుర్రాణ్ని పంపారు.

సంక్రాంతి వెళ్లాక బయల్దేరాం. అన్నీ ఎక్కించి, ముగ్గురం కూర్చుని మళ్లీ అదే కాటా. మొత్తం 2390. ముందు 955, వెనక 1435. ఆ చీటీ ఇప్పటికీ బండి అరలో ఉంది.

అంతర్వేదిలో గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే చోట మొదలుపెట్టి ధవళేశ్వరం, భద్రాచలం, ప్రాణహిత వచ్చి కలిసే కాళేశ్వరం, బాసర, నాందేడ్, పైఠణ్, నాసిక్. ఇరవై రెండు రోజులు, లీటరుకి పదకొండు కిలోమీటర్లు. రాత్రుళ్లు పెట్రోలు బంకుల్లో, గుడి సత్రాల ఆవరణల్లో అడిగి పెట్టుకునేవాళ్లం. ఎవరూ కాదనలేదు. కాళేశ్వరంలో తెల్లారగట్ల అమ్మ పెట్టె మెట్ల మీద కూర్చుని, రెండు నదుల నీళ్లు రంగు తేడాతో పక్కపక్కనే పారడం చూస్తూ కాఫీ తాగడం మరచిపోయింది.

త్రయంబకంలో అమ్మ కుశావర్తం దగ్గర స్నానం చేసింది. మేమిద్దరం బ్రహ్మగిరి మెట్లెక్కి గంగాద్వారం దాకా వెళ్లాం. రాతి లోంచి సన్నగా నీళ్లు కారుతున్నాయి. మా ఆవిడ దోసిలి పట్టింది, అది నిండటానికి కొంచెంసేపు పట్టింది.

సాయంత్రం తాళ్లరేవు నుంచి ఫోను. ప్రతి మూడు రోజులకీ మేస్త్రిగారు అడిగే మాట ఒక్కటే. "నీళ్లు దిగాయాండి?" ఒక్క బొట్టు లేదని చెప్పాను. గంగాద్వారం సంగతి కూడా చెప్పాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఫొటో పెట్టండి" అన్నారు. దోసిట్లో నీళ్ల ఫొటో పంపాను. రెండు నిమిషాల్లో మళ్లీ ఫోను. "చూశానండి, దణ్ణం పెట్టుకున్నాను. నేనడిగింది పెట్టె కింద మూలలండి. ఇంత దూరం కుదిపారు కదా, నాలుగు మూలలూ దగ్గరగా తీసి పెట్టండి."